గిడ్డంగి క్లబ్బులు, డిస్కౌంట్ దుకాణాలు

గిడ్డంగి క్లబ్బు (వేర్‌హౌస్ క్లబ్) అనగా ఏటా కొంత చందా చెల్లించిన సభ్యులకు మాత్రమే, పెద్ద పరిమాణాలలో, టోకు ధరకు చేరువగా ఉండే ధరకు సరుకులు అమ్మే వర్తక సంస్థ. డిస్కౌంట్ దుకాణం అనగా చందా నియమమేదీ లేకుండా, అందరికీ, సాధారణ దుకాణాల కంటె తక్కువ లాభం వేసుకొని అమ్మే పెద్ద దుకాణం. ఈ రెండు పద్ధతులూ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాగా అభివృద్ధి చెంది, అక్కడి నుండి ఇతర దేశాలకు వ్యాపించాయి. కాస్ట్‌కో, శామ్స్ క్లబ్, బీజేస్ అనునవి మొదటి తరగతికి, వాల్‌మార్ట్, టార్గెట్, ఆల్డి అనునవి రెండవ తరగతికి ఉదాహరణలు. ఎక్కువ సరుకు ఒకేసారి కొనే కుటుంబానికి ఈ రెండింటిలో ఏది లాభదాయకమన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. దీనికి ఒక్క మాటలో చెప్పదగిన సమాధానం లేదు, కాని లెక్క కట్టే పద్ధతి ఉన్నది.

తెలుగులో చౌకధరల దుకాణం అంటే ప్రభుత్వం రేషను సరుకులు పంపిణీ చేసే దుకాణమని అర్థం స్థిరపడింది. కనుక డిస్కౌంట్ స్టోర్ అనే మాటకు ఆ పదాన్ని వాడితే పొరపాటుకు అవకాశం ఉన్నది. ఈ వ్యాసంలో డిస్కౌంట్ దుకాణం అనే మాటనే వాడటమైనది.

చరిత్ర

రెండింటిలో డిస్కౌంట్ దుకాణాలే ముందు పుట్టినవి. ఒకప్పుడు అమెరికాలో తయారీదారు నిర్ణయించిన ధర కంటె తక్కువకు అమ్మడం అనేక రాష్ట్రాలలో చట్టవిరుద్ధం. ఈ ధరల కట్టుబాటుకు 1937 నాటి మిల్లర్-టైడింగ్స్ చట్టం సమాఖ్య స్థాయిలో అండగా నిలిచింది. 1948లో యూజీన్ ఫెర్కాఫ్ అనే వర్తకుడు న్యూయార్కులో ఇ.జె. కార్వెట్ అనే పేరుతో పెట్టెలు, బేడలు అమ్మే దుకాణం తెరిచి, కొనుగోలుదారులకు 'సభ్యత్వ కార్డులు' పంచిపెట్టాడు. బహిరంగ విపణిలో కాదు, సభ్యులకు మాత్రమే తగ్గించి అమ్ముతున్నామని వాదించుకొనేందుకు అది ఒక ఉపాయం. ఆ కార్డుకు రుసుమేమీ లేదు. నేటి క్లబ్బుల సభ్యత్వ కార్డుకు పూర్వరూపం ఈ విధంగా డిస్కౌంట్ దుకాణంలోనే కనిపించడం విశేషం. ధరల కట్టుబాటుకు అవకాశమిచ్చిన సమాఖ్య చట్టాలు 1975లో రద్దయ్యాయి.

1962వ సంవత్సరం ఈ రంగంలో ముఖ్యమైనది. ఆ ఒక్క ఏడాదిలోనే మిషిగన్ రాష్ట్రంలోని గార్డెన్ సిటీలో కె-మార్ట్, మిన్నెసోటాలోని రోజ్‌విల్‌లో టార్గెట్, ఆర్కన్సాలోని రోజర్స్ అనే చిన్న పట్టణంలో శామ్ వాల్టన్ స్థాపించిన వాల్‌మార్ట్ ప్రారంభమయ్యాయి. వీటిలో చాలాకాలం అగ్రస్థానంలో ఉన్న కె-మార్ట్ 2002లో దివాలా రక్షణ కోరి, 2005లో సియర్స్‌తో కలిసి, క్రమంగా క్షీణించింది. అమెరికా ప్రధాన భూభాగంలో దాని చివరి పూర్తిస్థాయి దుకాణం 2024 అక్టోబరులో మూతపడింది. వాల్‌మార్ట్ 1988లో కిరాణా సరుకులను కూడా కలిపి సూపర్‌సెంటర్ అనే పెద్ద దుకాణాలను ప్రారంభించింది. ఇంటి వెచ్చాలకు డిస్కౌంట్ దుకాణానికి వెళ్ళే అలవాటు స్థిరపడటానికి ఇదే ప్రధాన కారణమని చెప్పవచ్చును.

గిడ్డంగి క్లబ్బుకు ఆద్యుడు సోల్ ప్రైస్ (1916-2009). వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఇతడు 1954లో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో నగరంలో ఫెడ్‌మార్ట్ అనే దుకాణం స్థాపించాడు. అది మొదట ప్రభుత్వోద్యోగులకు పరిమితమైన సభ్యత్వ దుకాణం. 1975లో ఆ సంస్థలో అధిక భాగాన్ని ఒక జర్మన్ వర్తకునికి అమ్మిన కొద్దికాలానికే, తాను పెట్టిన సంస్థ నుండి తానే ఉద్వాసనకు గురయ్యాడు. మరుసటి సంవత్సరం, 1976లో, కుమారుడు రాబర్ట్‌తో కలిసి అదే నగరంలోని మొరీనా బులెవార్డ్‌పై ఒక పాత పారిశ్రామిక కట్టడంలో ప్రైస్ క్లబ్ తెరిచాడు. సంవత్సరానికి 25 డాలర్ల చందా చెల్లించిన చిన్న వ్యాపారులకు మాత్రమే ప్రవేశం. వారికి టోకు వర్తకుడు చేసే పనినే తక్కువ ఖర్చుతో చేసిపెట్టాలన్నది అతని ఆలోచన. వ్యాపారులు చాలినంతమంది రాకపోవడంతో తొలి నెలలలో నష్టం వచ్చింది. ప్రభుత్వోద్యోగులు, పరపతి సంఘాల సభ్యులు వంటివారికి కూడా ప్రవేశం కల్పించిన తరువాతనే సంస్థ నిలదొక్కుకున్నది. కుటుంబాలు క్లబ్బులకు రావడమనే ఆచారం ఇక్కడి నుండి మొదలైనది.

1983లో ఓక్లహోమాలోని మిడ్‌వెస్ట్ సిటీలో శామ్స్ క్లబ్, సియాటిల్‌లో కాస్ట్‌కో ప్రారంభమయ్యాయి. శామ్ వాల్టన్ తన ఆత్మకథలో సోల్ ప్రైస్ నుండి ఎన్నో ఆలోచనలు గ్రహించినట్లు దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. కాస్ట్‌కో స్థాపకులలో ఒకడైన జిమ్ సినెగల్ ఫెడ్‌మార్ట్‌లో సోల్ ప్రైస్ వద్ద పని నేర్చినవాడే. 1984లో మసాచుసెట్స్‌లో బీజేస్ వచ్చింది. 1993లో ప్రైస్ క్లబ్, కాస్ట్‌కో విలీనమయ్యాయి. ఈ విధంగా గురువు స్థాపించిన సంస్థ, శిష్యుడు స్థాపించిన సంస్థ ఒక్కటయ్యాయి.

క్లబ్బులో ధర ఎందుకు తక్కువ?

దీనికి కారణం దయ కాదు, ఖర్చుల తగ్గింపు. క్లబ్బు కట్టడం పేరుకు తగినట్లు గిడ్డంగియే. సిమెంటు నేల, ఇనుప చట్రాలు, లారీ నుండి దిగిన చెక్క పాలెట్ మీదనే సరుకు అమ్మకానికి ఉంటుంది. పెట్టెలు విప్పి ఒక్కొక్క డబ్బానూ అరలలో సర్దే కూలి ఖర్చు ఉండదు. సంచులు ఇవ్వరు, కావలసినవారు ఖాళీ అట్టపెట్టెలు తీసుకొనవచ్చును.

అంతకంటె ముఖ్యమైనది సరుకుల రకాలను తగ్గించడం. కాస్ట్‌కోలో సుమారు 4,000 రకాల వస్తువులు మాత్రమే ఉంటాయి. ఒక వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్‌లో ఆ సంఖ్య లక్షకు పైబడి ఉంటుంది. పది రకాల టొమాటో గుజ్జు డబ్బాలకు బదులు ఒకటి రెండు రకాలే పెడితే, అమ్మకమంతా వాటి మీదకే చేరుతుంది. అప్పుడు తయారీదారుతో గట్టిగా బేరమాడే శక్తి వస్తుంది. సరుకు త్వరగా అమ్ముడుపోతుంది కనుక, సరఫరాదారుకు సొమ్ము చెల్లించవలసిన గడువు రాకముందే చాలా సరుకు డబ్బుగా మారిపోతుంది. అనగా సరుకు నిలవకు కావలసిన పెట్టుబడిలో కొంత సరఫరాదారు ఇచ్చిన అరువే.

మూడవది చందా. కాస్ట్‌కో 2024 ఆర్థిక సంవత్సరంలో చందాల రూపంలో దాదాపు 480 కోట్ల డాలర్లు రాబట్టింది. ఆ సంవత్సరం దాని నిర్వహణ లాభం దాదాపు 930 కోట్ల డాలర్లు. సుమారు 25,000 కోట్ల డాలర్ల అమ్మకాల మీద వచ్చే లాభంతో పోల్చి చూస్తే, ఖర్చు పెద్దగా లేని ఈ చందా సొమ్ము ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. అందువల్ల ఆ సంస్థ వస్తువుల మీద వేసుకొనే లాభానికి ఒక పరిమితి పెట్టుకున్నది. ప్రసిద్ధ బ్రాండులపై 14 శాతం, 1995లో ప్రవేశపెట్టిన తన సొంత బ్రాండు కర్క్‌లాండ్ సిగ్నేచర్‌పై 15 శాతం మించరాదన్నది దాని నియమంగా ప్రసిద్ధి. డిస్కౌంట్ దుకాణం వస్తువు అమ్మి లాభం తీస్తుంది, క్లబ్బు ముఖ్యంగా లోపలికి వచ్చే హక్కును అమ్మి లాభం తీస్తుంది. ఈ ఒక్క భేదం గ్రహిస్తే మిగిలిన భేదాలన్నీ దానినుండే వచ్చినట్లు తెలుస్తుంది.

డిస్కౌంట్ దుకాణాల తీరు

వీటి బలం వైవిధ్యం, దగ్గరితనం. చిన్న పొట్లం కావలసినవారికి చిన్న పొట్లం, పెద్దది కావలసినవారికి పెద్దది దొరుకుతుంది. వాల్‌మార్ట్ 'నిత్యం తక్కువ ధర' అనే విధానాన్ని అనుసరిస్తుంది. టార్గెట్ వంటివి వారం వారం తగ్గింపులను ఎక్కువగా నమ్ముకుంటాయి. జర్మనీలో ఆల్బ్రెక్ట్ సోదరులు వృద్ధిచేసిన ఆల్డి 1976లో అమెరికాలో ప్రవేశించింది. ఇది ఒక విధంగా మధ్యేమార్గం. చందా లేదు, పెద్ద మూటలు లేవు, కాని క్లబ్బు వలెనే పరిమితమైన రకాలు, పెట్టెలతోనే ప్రదర్శన, అధికంగా సొంత బ్రాండులు. తోపుడు బండి కావాలంటే 25 సెంట్ల నాణెం పెట్టాలి, బండి తిరిగి పెడితే నాణెం తిరిగి వస్తుంది. బండ్లు ఏరి తెచ్చే కూలి ఈ విధంగా మిగులుతుంది.

డాలర్ జనరల్ వంటి చిన్న దుకాణాలు మరొక తరగతి. వీటిలో పొట్లం ధర తక్కువగా కనిపిస్తుంది, కాని పొట్లం కూడా చిన్నదే. ఔన్సుకు ఎంత పడిందో చూస్తే కొన్నిసార్లు పెద్ద దుకాణం కంటె ఎక్కువే ఇచ్చినట్లు తేలుతుంది.

ఈ మధ్య హద్దులు కొంత చెరిగిపోతున్నాయి. వాల్‌మార్ట్ 2020లో ఏడాదికి 98 డాలర్ల రుసుముతో సరుకులు ఇంటికి చేర్చే వాల్‌మార్ట్ ప్లస్ పథకాన్ని ప్రారంభించింది. దుకాణంలోకి రావడానికి మాత్రం ఈ రుసుము అవసరం లేదు.

యూనిట్ ధర, చందా లెక్క

రెండు చోట్ల ధరలు పోల్చడానికి పొట్లం ధర పనికిరాదు, యూనిట్ ధర కావాలి. అనగా ఒక ఔన్సుకో, ఒక పౌనుకో, ఒక కాగితానికో ఎంత పడుతుందన్నది. అమెరికాలో అనేక దుకాణాలు అర మీది చీటీలో దీనిని చిన్న అక్షరాలలో ముద్రిస్తాయి. ఒక దుకాణం పౌనుకు, మరొకటి ఔన్సుకు ధర చూపినచో ముందుగా రెండింటినీ ఒకే కొలతకు మార్చుకోవాలి. 16 ఔన్సులు ఒక పౌను, ఒక పౌను దాదాపు 454 గ్రాములు. నూనె, పాలు వంటి వాటికి వాడే ద్రవ ఔన్సు వేరు, అది ఘనపరిమాణపు కొలత, తూకం కాదు. విద్యార్థులు తరచు పొరబడే చోటు ఇదే.

ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. క్లబ్బులో 128 ద్రవ ఔన్సుల (ఒక గాలన్, సుమారు 3.8 లీటర్లు) నూనె క్యాను 10 డాలర్ల 24 సెంట్లు. డిస్కౌంట్ దుకాణంలో 48 ఔన్సుల సీసా 4 డాలర్ల 32 సెంట్లు. మొదటిది ఔన్సుకు 8 సెంట్లు, రెండవది 9 సెంట్లు. క్లబ్బులో ఔన్సుకు ఒక సెంటు, క్యానుకు 1 డాలరు 28 సెంట్లు ఆదా. నెలకొక క్యాను వాడే కుటుంబానికి ఏడాదికి 15 డాలర్ల 36 సెంట్లు మిగులుతుంది. కాస్ట్‌కో సాధారణ చందా 2024 సెప్టెంబరులో 60 నుండి 65 డాలర్లకు పెరిగింది. నూనె ఒక్కటే ఆ చందాను తిరిగి రాబట్టలేదు, ఇటువంటి వస్తువులు నాలుగుకు పైగా ఉండాలి.

దీనినే మరొక విధంగా చెప్పవచ్చును. డిస్కౌంట్ దుకాణంతో పోలిస్తే క్లబ్బులో సగటున 10 శాతం మిగులుతుందనుకుంటే, దుకాణపు ధరలలో 650 డాలర్ల సరుకు కొన్న తరువాతనే చందా తీరుతుంది. ఆదా 5 శాతమే అయితే 1,300 డాలర్లు కొనాలి. 130 డాలర్ల పెద్ద సభ్యత్వం తీసుకొన్నవారికి అర్హమైన కొనుగోళ్ళపై 2 శాతం తిరిగి ఇస్తారు. సాధారణ సభ్యత్వం కంటె అదనంగా కట్టిన 65 డాలర్లు రావాలంటే ఏడాదికి 3,250 డాలర్లు, అనగా నెలకు సుమారు 271 డాలర్లు కొనవలసి ఉంటుంది. ఇద్దరే ఉన్న ఇంటికి ఇది సులభం కాకపోవచ్చును. చందా నచ్చకపోతే తిరిగి ఇచ్చే పద్ధతి కాస్ట్‌కో, శామ్స్ క్లబ్ రెండింటిలోనూ ఉన్నది. ఈ సౌకర్యం గురించి చాలామందికి తెలియదు.

ప్రయాణపు ఖర్చు తరచు లెక్కలోకి రాదు. క్లబ్బులు ఊరికి కొంత దూరంగా, పెద్ద రహదారుల పక్కన ఉంటాయి. అమెరికా పన్నుల శాఖ 2025లో వ్యాపారానికి వాడిన కారు ఖర్చును మైలుకు 70 సెంట్లుగా లెక్కించింది. ఇందులో పెట్రోలుతో పాటు బీమా, మరమ్మతు, తరుగుదల కూడా కలిసి ఉన్నాయి. రానుపోను 20 మైళ్ళయితే ఒక్కో ప్రయాణానికి 14 డాలర్లు, నెలకు రెండుసార్లు వెళితే ఏడాదికి 336 డాలర్లు. చందా కంటె ఇది అయిదు రెట్లకు పైగా ఉన్నది! ఆఫీసు నుండి ఇంటికి వచ్చే దారిలోనే క్లబ్బు ఉన్నవారికి ఈ ఖర్చు లేదు. క్లబ్బు ఆవరణలోని బంకులో పెట్రోలు చౌకగా పోయించుకొనేవారికి కొంత తిరిగి వస్తుంది.

పాడైపోయే సరుకు

పప్పులు, సబ్బులు, కాగితపు సరుకులు, డైపర్లు, బ్యాటరీలు వంటివి నిలవ ఉంటాయి, కనుక వీటిని పెద్ద మొత్తంలో కొనడంలో నష్టభయం తక్కువ. ఆకుకూరలు, పాలు, రొట్టె, పండ్లు అట్లా కావు. దుకాణంలో డాలరు విలువ చేసే పాలకూర క్లబ్బులో 80 సెంట్లకే వచ్చిందనుకుందాం. అందులో అయిదవ వంతు కుళ్ళిపోతే, తిన్న భాగం ధర మళ్ళీ దుకాణపు ధరే. అయిదవ వంతు మించి పారవేస్తే, చౌక అనుకున్నది ఖరీదైనట్లే. మసాలా పొడులు, గింజల నూనెలు కుళ్ళవు కాని వాసన మారుతాయి. పెద్ద జీలకర్ర డబ్బా ఏడాది చివరికి సుగంధం పోయి గడ్డి వలె మిగలడం అనుభవజ్ఞులకు తెలిసినదే.

పెద్ద పొట్లమంటే తప్పక చౌక అన్న నమ్మకం కూడా సరికాదు. ఒకే దుకాణంలో పెద్ద డబ్బాకు యూనిట్ ధర చిన్నదాని కంటె ఎక్కువగా ఉండే సందర్భాలు కలవు. వారపు తగ్గింపు, తయారీదారు కూపను కలిసివచ్చినపుడు డిస్కౌంట్ దుకాణం క్లబ్బును ఓడించగలదు. ప్రధాన క్లబ్బులలో తయారీదారు కూపనులను అంగీకరించేది బీజేస్ మాత్రమే. కార్డుల విషయంలో కూడా తేడాలున్నవి. 2016 నుండి అమెరికాలోని కాస్ట్‌కో గిడ్డంగులలో క్రెడిట్ కార్డులలో వీసా మాత్రమే చెల్లుతుంది.

కొనగలిగినవారు, కొనలేనివారు

ఒకేసారి ఎక్కువ కొంటే ఆదా అన్నమాట నిజమే అయినా, ఆ ఆదా అందరికీ అందదు. ముందుగా చందా, తరువాత పెద్ద మూటకు చాలినంత నగదు, మోసుకుపోవడానికి కారు, దాచడానికి గది, గడ్డకట్టించే పెట్టె, ఇన్ని ఉండాలి. నెలజీతం రాని రోజుకూలికి 24 చుట్టల మరుగుదొడ్డి కాగితం కట్ట చౌక అని తెలిసినా, చేతిలో ఉన్న డబ్బుకు నాలుగు చుట్టలే వస్తాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో యెషిమ్ ఒర్హున్, మైక్ పలజోలో అనే పరిశోధకులు సరిగ్గా ఈ కాగితం కొనుగోళ్ళనే పరిశీలించి, 2019లో ప్రచురించారు. తక్కువ ఆదాయం గల కుటుంబాలు చౌక బ్రాండులు ఎంచుకొని కొంత మిగుల్చుకుంటున్నా, పెద్ద కట్టలు కొనలేకపోవడం వల్ల, తగ్గింపు ఉన్నపుడు ముందుగా కొని పెట్టుకోలేకపోవడం వల్ల అందులో గణనీయమైన భాగాన్ని కోల్పోతున్నాయని వారు తేల్చారు. నెల మొదట్లో చేతిలో డబ్బు ఉన్నపుడు ఈ కుటుంబాల కొనుగోలు తీరు మెరుగుపడటం కూడా వారు గమనించారు. కనుక ఇది తెలియకపోవడం వల్ల కలిగిన లోపం కాదు, డబ్బు లేకపోవడం వల్ల కలిగినది. పేదరికానికి అదనపు వెల ఉన్నదనే మాటకు ఇది మంచి ఉదాహరణ.

కొన్ని సడలింపులు లేకపోలేదు. ప్రభుత్వ ఆహార సహాయ పథకం కార్డును ప్రధాన క్లబ్బులు అంగీకరిస్తాయి. మందుల చీటీ మీద కాస్ట్‌కో ఫార్మసీలో మందులు కొనడానికి సభ్యత్వం అవసరం లేదు. ఇద్దరు ముగ్గురు బంధువులు కలిసి కొని మూటను పంచుకోవడం ప్రజలు తమంతట తాము కనిపెట్టుకున్న ఉపాయం.

తెలుగువారు, భారతదేశం

పెద్ద మొత్తంలో కొని నిలవచేయడం తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, కందిపప్పు కొని ఎండబెట్టడం, పప్పుకు ఆముదం పట్టించడం, బియ్యంలో వేపాకు వేయడం, గాదెలలో ధాన్యం, జాడీలలో ఆవకాయ ఉంచడం పాత ఆచారమే. భేదమేమంటే, అప్పుడు ఏడాదికొకసారి పంట చేతికి వచ్చేది కనుక అట్లా కొనేవారు. క్లబ్బులో పంట కాలంతో సంబంధం లేదు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు సాధారణంగా మూడు చోట్ల కొంటాయి. పాలు, గింజలు, వంట నూనె, బాస్మతి బియ్యం వంటివి క్లబ్బులో, చిల్లర సామాను డిస్కౌంట్ దుకాణంలో, సోనా మసూరి బియ్యం, కందిపప్పు, కరివేపాకు భారతీయ దుకాణంలో. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినపుడు ఈ మూడవ చోటనే తొక్కిసలాట వంటి పరిస్థితి ఏర్పడింది. 20 పౌన్ల (సుమారు 9 కిలోల) సంచుల కోసం జనం వరుసలు కట్టారు. కొన్ని దుకాణాలు ధర పెంచాయి, కొన్ని కుటుంబానికి ఒక్క సంచి అని పరిమితి విధించాయి. అంతకుముందు 2020లో కోవిడ్ తొలి రోజులలో క్లబ్బులు, డిస్కౌంట్ దుకాణాలు కూడా ఇటువంటి పరిమితులే విధించాయి. బియ్యంపై నిషేధాన్ని 2024 సెప్టెంబరులో తొలగించారు.

భారతదేశంలో అమెరికా తరహా గిడ్డంగి క్లబ్బు వేళ్ళూనలేదు. దానికి కొంత దగ్గరగా ఉన్నది క్యాష్ అండ్ క్యారీ పద్ధతి. జర్మనీకి చెందిన మెట్రో సంస్థ 2003లో బెంగుళూరులో ప్రారంభించి, తరువాత హైదరాబాదుకు కూడా వచ్చింది. వాల్‌మార్ట్ వారి బెస్ట్ ప్రైస్ 2009లో అమృత్‌సర్‌లో మొదలై తెలుగునాట కూడా దుకాణాలు తెరిచింది. విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం అప్పట్లో ఇవి నేరుగా కుటుంబాలకు అమ్మరాదు, కిరాణా వర్తకులు, హోటళ్ళు వంటి వ్యాపార సభ్యులకే అమ్మవలసి ఉండేది. సోల్ ప్రైస్ 1976లో మొదలుపెట్టిన చోటునే ఇవి ఆగిపోయాయన్నమాట, చందా మాత్రం లేదు. బెస్ట్ ప్రైస్ 2020లో ఫ్లిప్‌కార్ట్ చేతికి, మెట్రో భారతదేశపు వ్యాపారం 2023లో రిలయన్స్ రిటైల్ చేతికి వెళ్ళాయి.

మధ్యతరగతి కుటుంబాల నెలవారీ వెచ్చాల విషయంలో మాత్రం డిస్కౌంట్ పద్ధతిదే పైచేయి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలో ప్రారంభించిన డీమార్ట్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అలంకారాలు తక్కువ, చాలా దుకాణాలకు స్థలం సొంతం కనుక అద్దె లేదు, సరఫరాదారులకు త్వరగా సొమ్ము చెల్లించి ధర తగ్గించుకోవడం దీని పద్ధతి. కాస్ట్‌కో సరఫరాదారు అరువు మీద నడిస్తే, డీమార్ట్ అరువు వదులుకొని తగ్గింపు పుచ్చుకుంటుంది. దీనికి చందా లేదు, కార్డు లేదు. నెల మొదటి ఆదివారం బిల్లు కట్టే వరుస మాత్రం చాలా పొడవుగా ఉంటుంది.